సెకండ్‌హ్యాండ్ బీఎండబ్ల్యూ ఎందుకంత చవక? కొనే ముందు ఇంట్లో వేయాల్సిన లెక్కలు

ఆన్‌రోడ్ కోటికి దగ్గర పడే కారు అయిదేళ్లు తిరిగేసరికి సగం ధరకి, ఒక్కోసారి అంతకన్నా తక్కువకే అమ్మకానికి కనబడుతుంది. ఫొటోలో కారు కొత్తదానిలాగే మెరుస్తుంటుంది. ఇక ఇంట్లో చర్చ మొదలు. జెడ్డాలో పదేళ్లు కష్టపడి వచ్చిన భాయ్ తీసుకుందామంటాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముడు అప్పటికే పాతిక వీడియోలు చూసేసి ఉంటాడు. అబ్బా వద్దని తల అడ్డంగా ఊపుతారు. అమ్మీ మాత్రం నెమ్మదిగా ఒకే మాట అడుగుతుంది: ‘‘కొన్నాక నెలకి ఎంతవుతుంది?’’

అసలు ప్రశ్న అదే. దానికి జవాబు తెలియకుండా కొన్నవాళ్లే ఏడాది తిరగకముందు అదే కారును మళ్లీ అమ్మకానికి పెడుతుంటారు.

కార్ల పిచ్చి హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్‌ను చూసే ఉంటారు. కాకపోతే నిజాంకు సర్వీసు బిల్లు చూసి గుండె పట్టుకునే అవసరం లేదు. మనకు ఉంది.

ధర ఎక్కడ పడిపోతుంది?

మన దగ్గర స్పీడు కార్ల ఇష్టులు ఎక్కువగా మాట్లాడుకునే బీఎండబ్ల్యూ ఎం340ఐనే ఉదాహరణగా తీసుకుందాం. 2021 మార్చిలో 62.90 లక్షల ఎక్స్ షోరూం ధరతో వచ్చింది. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజిన్, 387 హార్స్‌పవర్. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం 4.4 సెకన్లలో అందుకుంటుందని కంపెనీ చెప్పింది. చెన్నై దగ్గరి ప్లాంటులో బిగించిన కారు కాబట్టి ఆ ధర సాధ్యమైంది. పూర్తిగా తయారై ఓడలో వచ్చే ఖరీదైన కార్లకైతే కస్టమ్స్ భారమే 110 శాతం దాకా పడుతుంది. 2025 బడ్జెట్‌లో ప్రాథమిక సుంకం 100 నుంచి 70 శాతానికి తగ్గించారు గానీ, వ్యవసాయ సెస్సు 40 శాతం కలిపారు. తిప్పి తిప్పి లెక్క అక్కడికే వచ్చింది.

ఆ 62.90 లక్షల్లో జీఎస్టీ, సెస్సు కలిపి అప్పట్లో 48 శాతం రేటు. అంటే 20 లక్షలకు పైగా పన్నే. దాని మీద లైఫ్ ట్యాక్స్. తెలంగాణలో 20 లక్షలు దాటిన కారుకు 2022 సవరణతో ఇది 18 శాతం అయింది. 62.90 లక్షల మీద 18 శాతం అంటే 11.32 లక్షలు. 2025లో బాగా ఖరీదైన కార్లకు ఇంకా పెంచారు. ఇవికాక పది లక్షలు దాటిన ఏ కారుకైనా ఒక శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. ఇది ఖర్చు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. రిటర్ను వేయనివాళ్లు మాత్రం దాన్ని వదిలేసుకుంటున్నట్టే.

ఈ పన్నులన్నీ కట్టింది మొదటి ఓనరు. అమ్మేటప్పుడు అవి తిరిగి రావు. రెండో ఓనరుకు దొరికే ‘చవక’లో పెద్ద భాగం మొదటివాడి నష్టమే. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్సు తీసేసి జీఎస్టీ 40 శాతం చేశారు. కొత్త కారు ధర తగ్గితే పాత కారు ధర కూడా తగ్గాల్సిందే కదా! బేరం ఆడేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి. అమ్మేవాడు గుర్తు చేయడు.

ఇక్కడే అందరూ పొరబడే చోటు. కారు ధర సగానికి పడుతుంది గానీ విడిభాగాల ధర పడదు. ముప్పై అయిదు లక్షలకు కొన్న కారుకైనా హెడ్‌లైటు పగిలితే డెబ్బై లక్షల కారు హెడ్‌లైటే కొనాలి.

మెయింటెనెన్స్ అంటే సర్వీసింగ్ ఒక్కటే కాదు

మామూలు కారుకి టైర్లంటే అరవై వేల కిలోమీటర్ల దాకా మర్చిపోయే విషయం. ఈ కార్లకు అలా కాదు. పట్టు ఎక్కువ ఉండాలని మెత్తని రబ్బరుతో చేస్తారు, అందుకే తొందరగా అరుగుతాయి. ఒక్కో టైరు పాతిక వేల నుంచి మొదలై సైజును బట్టి పైకి పోతుంది. పైగా చాలా మోడళ్లలో వెనక టైర్లు ముందువాటికన్నా వెడల్పు. కాబట్టి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకునే వీలుండదు. నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే కారయితే ఇంకో తిరకాసు ఉంది. ఒక జత కొత్తగా, ఒక జత బాగా అరిగిపోయి ఉంటే చక్రాల చుట్టుకొలతలో తేడా వస్తుంది. ఆ తేడాను సర్దలేక ట్రాన్స్‌ఫర్ కేస్ అనే ఖరీదైన భాగం దెబ్బతింటుంది. రెండు టైర్లు మిగుల్చుకోబోతే గేరుబాక్సు పక్కన ఉన్నదానికి కట్టాల్సి వస్తుందన్నమాట.

స్టెప్నీ కూడా చాలా వాటిలో ఉండదు. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు ఇస్తారు. శ్రీశైలం దారిలో సిగ్నల్ లేని చోట సైడ్‌వాల్ చీలితే ఏం చేయాలన్నది ముందే ఆలోచించుకోవాలి.

గేరుబాక్సు సంగతి మరీ విచిత్రం. ఎన్నో ఖరీదైన కార్లలో ఉండే ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌ను తయారుచేసేది జెడ్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీ. కారు కంపెనీ ‘ఇందులో ఆయిలు జీవితకాలం’ అంటుంది. గేరుబాక్సు చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1.20 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఎవరి మాట వినాలి? కారును మూడేళ్లకు అమ్మేసే మొదటి ఓనరుకు ‘జీవితకాలం’ సరిపోతుంది. రెండో ఓనరు జెడ్‌ఎఫ్ మాట వినడమే మేలు.

ఇంజిన్ వైపు వస్తే, టర్బోల వేడి, మన ఎండ కలిసి ప్లాస్టిక్ పైపులను, కూలెంట్ ట్యాంకు మూతలను పెళుసు చేస్తాయి. కూలెంట్ చుక్కలుగా కారుతున్నప్పుడే పట్టుకుంటే బిల్లు వేలల్లో ఉంటుంది. టెంపరేచర్ హెచ్చరిక వెలిగాక కూడా ‘ఇంకో రెండు కిలోమీటర్లే కదా’ అని నడిపితే లక్షల్లోకి వెళ్తుంది. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకొకసారి మార్చాలి, కారు తిరిగినా తిరగకపోయినా. బ్యాటరీ మార్చినప్పుడు కొత్త బ్యాటరీ వివరాలను కారు కంప్యూటర్‌లో నమోదు చేయాలి. లేదంటే పాత బ్యాటరీ అనుకునే ఛార్జింగ్ పెడుతుంది.

పెట్రోలు విషయం కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ20. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా కార్లు పది శాతానికే రూపొందాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వారానికోసారి తీసే కారు ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచడం మంచిది కాదు. వంద ఆక్టేన్ పెట్రోలు దొరుకుతుంది గానీ మామూలుదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు ధర. మూత లోపల కంపెనీ ఏ ఆక్టేన్ రాసిందో చూసి దానికి తగ్గకుండా పోస్తే చాలు. అంతకుమించి పోస్తే గొప్ప తప్ప పెద్ద లాభం ఉండదు.

ఇంకొకటి నవ్వులాటగా అనిపిస్తుంది గానీ నిజం. సెల్లార్‌లో నిలిపి ఉంచిన కార్లకు పెద్ద శత్రువు ఎలుక. అది కొరికిన వైరింగ్ వెతికి బాగు చేయడానికి పట్టే రోజులు, అయ్యే ఖర్చు అనుభవించినవాళ్లకే తెలుసు.

అందుకే ఈ కార్లున్నవాళ్లు ఒంటరిగా ఉండరు. ఆదివారం తెల్లవారుజామున ఫజ్ర్ తర్వాత నలుగురైదుగురు కలిసి బయల్దేరి, ఎక్కడో ఇడ్లీ తిని, ఎండ ముదరకముందే ఇంటికొస్తారు. బయటివాళ్లకు అది షికారు. అసలు సంగతి ఆ టిఫిన్ బల్ల దగ్గర ఉంటుంది. ఏ మెకానిక్ నిజాయితీగా చెప్తాడు, కంపెనీ డబ్బాలో పెట్టి అమ్మే ఫిల్టర్‌ను అసలు తయారుచేసేవాడి పేరుతో ఎంత తక్కువకి కొనొచ్చు, ఎవరి దగ్గర స్కానర్ ఉంది, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. పుత్లీబౌలి, రాణిగంజ్ దుకాణాల్లో దొరకని పార్టు షార్జా పాత సామాన్ల మార్కెట్‌లో దొరుకుతుందని, అక్కడున్న మామూతో తెప్పించుకోవచ్చని చెప్పేది కూడా ఆ బల్లే. కారు కొనకముందే అలాంటి బృందంలో రెండు ఆదివారాలు కూర్చుంటే సగం తప్పులు తప్పుతాయి.

కాగితాల్లో దాగిన ప్రమాదం

ఢిల్లీ నుంచి వచ్చే కార్లు చవక. కారణం ఉంది. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద ఏళ్లుగా కోర్టు ఆంక్షలు నడుస్తున్నాయి. అందుకే గడువు దగ్గరపడ్డ కారును దక్షిణాదికి పంపేస్తారు. కొనేవాడు ఆ ధర చూసి మురిసిపోకుండా, అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి చూడాలి. వేరే రాష్ట్రం కారు ఇక్కడ పన్నెండు నెలలు మించి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. పన్ను తప్పించుకోవడానికి పుదుచ్చేరి నంబరుతో తిప్పే ఎత్తుగడ పాతబడిపోయింది. 2021 ఆగస్టులో హైదరాబాద్ శివార్లలో రవాణా శాఖ ఖరీదైన కార్లను వరసగా ఆపి స్వాధీనం చేసుకున్న సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం కస్టమ్స్ ఎగ్గొట్టి వచ్చిన కారు. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ అధికారులు ‘ఆపరేషన్ నుమ్‌ఖోర్’ పేరుతో, భూటాన్ మీదుగా అక్రమంగా వచ్చాయన్న అనుమానంతో ఎన్నో కార్లను పట్టుకున్నారు. అలాంటి కారును డబ్బిచ్చి కొన్నవాడికి ‘నాకేం తెలియదు’ అన్న మాట పెద్దగా పనికిరాదు. కారు పోతుంది, డబ్బు కోసం అమ్మినవాడి చుట్టూ తిరగాలి. దిగుమతి కారు అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ చూపించమని అడగాలి. చూపించకపోతే లేచి వచ్చేయాలి.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు తరచూ అడిగేది: ‘‘అక్కడ చవకగా ఉంది కదా, తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకుంటే?’’ సౌదీ, దుబాయ్ కార్లకు స్టీరింగ్ ఎడమవైపు. భారత్‌లోకి శాశ్వతంగా దిగుమతి చేసుకునే కారుకు స్టీరింగ్ కుడివైపు ఉండాలి, వాడిన కారయితే మూడేళ్లు దాటకూడదు. అక్కడితోనే దాదాపు అందరి ఆశా ముగుస్తుంది. దుబాయ్ నంబరుతో బంజారాహిల్స్‌లో తిరిగే కార్లు ‘కార్నే’ అనే తాత్కాలిక పత్రం మీద వచ్చినవి. అవి గడువులోపు తిరిగి వెళ్లిపోవాలి. ఇక్కడ అమ్మడానికి వీల్లేదు. అలాంటిది ఎవరైనా అమ్మజూపితే సంగతి అర్థమైపోవాలి.

కొనే ముందు వాహన్ రికార్డులో ఓనరు ఎన్నోవాడు, బ్యాంకు పేరు మీద హైపోథికేషన్ ఉందా అన్నది చూడాలి. లోను తీరినా ఫారం 35 ఇచ్చి దాన్ని ఎత్తేయించనివాళ్లు చాలామంది. స్కానర్‌తో కంప్యూటర్లను చదివించాలి. మీటరు వెనక్కి తిప్పినా, చాలా కార్లలో కిలోమీటర్ల లెక్క ఒకటికన్నా ఎక్కువ చోట్ల దాగి ఉంటుంది. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్ సెల్లార్లలో ఎన్ని కార్లు మునిగాయో అందరూ చూశారు. ఆ కార్లన్నీ తుక్కుకు పోయాయని అనుకోకూడదు. సీటుబెల్టును చివరిదాకా లాగి చూస్తే బురద గీత కనబడుతుంది. డిక్కీలో కార్పెట్ ఎత్తి చూడాలి, బ్యాటరీ చాలా జర్మన్ కార్లలో అక్కడే ఉంటుంది.

డబ్బు ఎలా కట్టాలి?

ఇది మన ఇళ్లలో గట్టిగా మాట్లాడుకోని విషయం. ముప్పై లక్షలు అప్పు తీసుకుని పన్నెండు శాతం వడ్డీతో అయిదేళ్లలో తీర్చాలంటే నెలకు 66,733 రూపాయలు. మొత్తం కట్టేది 40 లక్షలు, అందులో పది లక్షలు వడ్డీ. అదే అయిదేళ్లలో కారు విలువ ఇంకో సగం పోతుంది. వడ్డీ హరామ్ అన్న మాట పక్కన పెట్టి ఉత్త వ్యాపార లెక్క చూసినా ఇది నష్టపు బేరమే. గల్ఫ్ బ్యాంకుల్లో ఉన్న మురాబహా లాంటి పద్ధతి ఇక్కడి బ్యాంకుల్లో లేదు. ఇస్లామిక్ బ్యాంకింగ్ ఆలోచనను ముందుకు తీసుకెళ్లడం లేదని రిజర్వ్ బ్యాంకు 2017లోనే చెప్పేసింది. మన వడ్డీలేని సొసైటీలు ఇచ్చే సాయం చిన్న అవసరాలకు, ఇలాంటి కార్లకు కాదు, కాకూడదు కూడా.

అందుకని చాలామంది నగదు దాచి కొంటారు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఒకే లావాదేవీలో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. తీసుకున్నవాడికి ఆ మొత్తానికి సమానమైన పెనాల్టీ. ‘‘పది లక్షలు క్యాష్ ఇవ్వండి, మిగతాది ట్రాన్స్‌ఫర్’’ అనే అమ్మకందారు తనకూ కొనేవాడికీ తలనొప్పి తెస్తున్నాడు. మొత్తం బ్యాంకు ద్వారానే జరగాలి. గల్ఫ్ నుంచి అన్న పంపిన డబ్బయితే ఆ కాగితాలు దాచుకోవాలి.

కొనుగోలు ధరలో కనీసం పదో వంతు విడిగా ఉంచుకోలేకపోతే ఆ కారు మన స్థోమతకు మించిందనే అర్థం. ఇది ఎక్కడా రాసిపెట్టిన సూత్రం కాదు, బిల్లులు చూసినవాళ్లు చెప్పే మాట.

ఇన్సూరెన్సులో చిన్న అక్షరాలు

1500 సీసీ దాటిన కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం ఏడాదికి 7,897 రూపాయలే. పెద్ద మొత్తం సొంత నష్టం కవర్‌కు పోతుంది. అది ఐడీవీ మీద ఆధారపడుతుంది. కారు వయసు నాలుగు నుంచి అయిదేళ్ల మధ్య ఉంటే తరుగు 50 శాతం కింద లెక్కగడతారు. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ మరీ కిందికి దించుకుంటే కారు పోయినప్పుడు చేతికొచ్చేదీ అంతే. మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు. ఈ కార్ల బంపరు, గ్రిల్, లైట్ల చుట్టూ ఉన్నదంతా ప్లాస్టిక్కే. జీరో డిప్రిసియేషన్, నీళ్లు పోయి ఇంజిన్ పాడైతే ఆదుకునే ఇంజిన్ ప్రొటెక్ట్, ఈ రెండూ హైదరాబాద్‌లో విలాసం కాదు.

కారు కొన్న 14 రోజుల్లో పాలసీని పేరు మార్పించుకోవాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ కొత్త ఓనరుకు రాదు. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ చేస్తుండగా జరిగిన నష్టానికి మామూలు పాలసీ వర్తించదు. సొంత కారు పాలసీతో పెళ్లి ఊరేగింపుకు అద్దెకిస్తే కూడా క్లెయిమ్ రాదు. శాదీల సీజన్‌లో రోజుకింత అని కారు ఇచ్చేవాళ్లు ఒకసారి ఆలోచించాలి.

వేగం ఎక్కడ?

387 హార్స్‌పవర్‌ను నగరంలో వాడే చోటు లేదు. ఓఆర్‌ఆర్ 158 కిలోమీటర్లు ఉన్నా గరిష్ఠ వేగం 120. అది కూడా ఈ కార్లకు మూడో వంతు శ్రమ కాదు. అసలైన చోటు రేస్ ట్రాక్. దగ్గర్లో ఉన్నది చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల సర్క్యూట్. కోయంబత్తూరులో 2.1 కిలోమీటర్ల కరి స్పీడ్‌వే ఉంది. ట్రాక్ డేలో ఫీజు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, ఎదురుగా ఆటో వస్తుందన్న భయం లేకుండా నడపొచ్చు. ఒక రోజులో బ్రేక్ ప్యాడ్లు, టైర్లు అరిగే తీరు చూసి చాలామందికి వేగం విలువ రూపాయల్లో అర్థమవుతుంది.

ఇంట్లో పదహారేళ్ల పిల్లాడు ఉంటే తాళం బీరువాలో ఉండాలి. మైనరు నడిపి పట్టుబడితే తండ్రికి లేదా కారు ఓనరుకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. కారు రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇవి 2019 సవరణలో వచ్చిన నిబంధనలు. ఈ శక్తి ఉన్న కారు వాడి చేతిలో పడితే జరిమానా అన్నింటికన్నా చిన్న విషయం.

సైలెన్సర్ మార్పించి అర్ధరాత్రి గల్లీలో చప్పుడు చేసేవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. మార్పు చెప్పకుండా క్లెయిమ్ వేస్తే ఇన్సూరెన్స్ కంపెనీకి కారణం దొరికినట్టే.

జకాత్ ఉందా?

సొంతానికి వాడుకునే కారు ఎంత ఖరీదైనదైనా దాని మీద జకాత్ లేదన్నది ఉలమాలు చెప్పే మాట. లాభానికి అమ్మాలని కొన్న కారయితే అది వ్యాపార సరుకు, మార్కెట్ ధర మీద రెండున్నర శాతం ఇవ్వాలి. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి కార్లు కొని మెరుగు పెట్టి అమ్ముతున్నారంటే ఈ లెక్క వాళ్లకు వర్తిస్తుంది. అదే పని రిజిస్టర్డ్ డీలర్‌గా చేస్తే, లాభం మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. ఒక మనిషి తన సొంత కారును ఇంకో మనిషికి అమ్ముకుంటే జీఎస్టీ లేదు.

చివరికి అమ్మే రోజు. డబ్బు అందగానే తాళం ఇచ్చేసి సలాం చెప్పి రావడం మన అలవాటు. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక ఆర్‌సీలో పేరు మారేదాకా వెంటపడాలి. ప్రమాదం జరిగితే రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు కింద బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఆరు నెలల క్రితం అమ్మేసిన కారు ఎక్కడో ఎవరినో గుద్దితే నోటీసు వచ్చేది టోలిచౌకి ఇంటికే.